రేసులో మజా ఎక్కడుంది?

2025 రంజాన్. ఆఖరి అష్రా మొదలైంది. మార్చి 22, శనివారం రాత్రి. తాక్ రాత్ కాదు కాబట్టి అమ్మీ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఉయ్యూరులో మా ఇంటి వరండాలో, తరావీహ్ నుంచి వచ్చి టోపీలు కూడా తీయకుండా, ఒక్క ఫోను చుట్టూ ఐదుగురం చేరాం. ఇటలీలో మిలాన్ నుంచి శాన్‌రెమో దాకా జరిగే ఒక్కరోజు సైకిల్ రేసు. 289 కిలోమీటర్లు. అప్పటికే అయిపోయింది గానీ, ఎవరు గెలిచారో ముందే చెప్పనని మా భాంజా ఖసమ్ తిన్నాడు. ఈ షౌక్ ఇంటికి తెచ్చింది వాడే. ఆఖరి ముప్పై కిలోమీటర్లు పెట్టాడు.

తెల్ల జెర్సీ మీద యూఏఈ అన్న అక్షరాలు కనిపించగానే, షార్జాలో పన్నెండేళ్ళు పనిచేసి వచ్చిన మా భాయీజాన్ ముందుకు జరిగాడు. "మనోళ్ళా?" కాదు, డబ్బు అమీరాత్‌ది, మనిషి స్లొవేనియా వాడు, పేరు తదేయ్ పొగాచర్. చిప్రెస్సా అనే గుట్ట మీద, ఇంకా పాతిక కిలోమీటర్ల దూరం ఉందనగా దూకాడు. ఇద్దరే అతని వెంట నిలిచారు, హాలండ్ వాడు వాన్ డెర్ పూల్, ఇటలీ వాడు గాన్నా. చివరికి గీత దగ్గర వాన్ డెర్ పూల్ గెలిచాడు. పొగాచర్‌కి మూడో స్థానం.

భాంజా గాల్లో తేలిపోతున్నాడు. భాయీజాన్ మాత్రం షీర్ కుర్మాలో చక్కెర తక్కువైనట్టు ముఖం పెట్టాడు. "ఆరు గంటల రేసులో ఐదున్నర గంటలు ఏమీ జరగలేదన్నమాట. ఆ భాగం నువ్వే చూపించలేదు. మరి అది రేసెలా అయింది?"

"అదే మజా, బడే మామూ."

"అదే అయితే ఎందుకు దాటేశావు మరి?"

వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు. ఈ బహస్ మా వరండాలో పుట్టింది కాదని, ఆ రేసు తారీఖ్ అంతా దీని మీదే నడిచిందని తర్వాత చదువుతుంటే తెలిసింది.

1906లో మిలాన్ షౌకీన్లు కొందరు శాన్‌రెమోకి కార్ల పోటీ పెట్టి నవ్వులపాలయ్యారు. దాదాపు బండ్లన్నీ దారిలోనే ఆగిపోయాయి. కార్ల వల్ల కానిది సైకిళ్ళ వల్ల అవుతుందా అని మరుసటి ఏడు గజెట్టా డెల్లో స్పోర్ట్ అనే పత్రిక పూనుకుంది. 1907 ఏప్రిల్ 14న మొదటి రేసు. ఫ్రాన్స్ వాడు లూసియన్ పెతీ బ్రెతోన్ గెలవడానికి పదకొండు గంటలకు పైగా పట్టింది. ఆ రోజుల్లో "ఉత్కంఠగా ఉందా" అని ఎవరూ అడిగి ఉండరు. అసలు మనిషి చేరతాడా లేదా అన్నదే ప్రశ్న. 1910లో మంచు పడింది. తుర్కీనో కనుమ దగ్గర యూజీన్ క్రిస్టోఫ్ అనేవాడు చలికి కొయ్యబారిపోయి, ఒక సరాయిలో దూరి ఒళ్ళు కాచుకుని, మళ్ళీ సైకిలెక్కాడు. పన్నెండు గంటల చిల్లర తర్వాత గెలిచాడు. గమ్యం చేరినవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తర్వాత ఆయన ఆసుపత్రి పాలయ్యాడు.

నన్ను బాగా ఆపేసింది మాత్రం 1946. జంగ్ ముగిసి ఏడాది కూడా కాలేదు. ఇటలీ వంతెనలు, రోడ్లు కూలి ఉన్నాయి. ఫౌస్తో కొప్పి అనే బక్కపలచని సైకిలిస్టు ఆ జంగ్‌లో సిపాయిగా వెళ్ళి, ట్యునీషియాలో అంగ్రేజుల ఖైదీ అయి తిరిగొచ్చాడు. మార్చి 19న మొదట్లోనే ముందుకు దూకిన కొందరితో కలిసి వెళ్ళాడు. తుర్కీనో దగ్గర ఆఖరి తోడు కూడా వెనకబడింది. ఇక 147 కిలోమీటర్లు ఒక్కడే. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళి, వెనక్కి వచ్చి, ఇంకా కొంచెం తొక్కినంత దూరం. రెండోవాడికీ ఇతనికీ మధ్య ఫాసలా 14 నిమిషాలు. మిగతావాళ్ళు వచ్చేదాకా రేడియోలో డ్యాన్స్ పాటలు వేశారన్న కిస్సా ఇటలీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా భాయీజాన్ కొలబద్దతో చూస్తే అంతకంటే నీరసమైన రేసు ఉండదు. ఎవరు గెలుస్తారో రెండు మూడు గంటల ముందే తెలిసిపోయింది. భాంజా కొలబద్దతో చూసినా అంతే, ఆఖర్లో తమాషా ఏమీ లేదు. అయినా ఎనభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు. కూలిన దేశంలో, ఖైదు నుంచి వచ్చిన మనిషి ఒంటరిగా సముద్రం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళకి ఏం కనిపించి ఉంటుందో గడియారం చెప్పదు.

ఆ తర్వాత జమానా మారింది. రోడ్లు బాగుపడ్డాయి, సైకిళ్ళు తేలికయ్యాయి. గుంపులో ముందువాడి చాటున తొక్కితే గాలి తగలదు, మూడో వంతు దాకా మెహనత్ మిగులుతుంది. బందరు రోడ్డులో లారీ వెనక సైకిల్ తొక్కి అమ్మ చేతి దెబ్బలు తిన్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. దాంతో చదునైన దారిలో ఒంటరిగా పోవడం కష్టమైపోయింది. గుంపంతా కలిసి వచ్చి ఆఖరి రెండు వందల మీటర్లలో పరుగు తీయడం మొదలుపెట్టింది. పైగా 1953 తర్వాత ఇటలీ వాళ్ళు సొంత రేసులో గెలవడమే మానేశారు. నిర్వాహకుడు విన్చెంజో తొర్రియాని 1960లో గీతకి కాస్త ముందు పోజ్జో అనే చిన్న గుట్టని దారిలో కలిపాడు. దాన్ని కలిపినా ఆ ఏడాది గెలిచింది ఫ్రాన్స్ వాడే, ఇటలీ వాడు గెలవడానికి 1970 దాకా ఆగాల్సి వచ్చింది. 1982లో చిప్రెస్సాని కూడా కలిపారు. ఉప్పు చాల్లేదంటే ఉప్పు, కారం చాల్లేదంటే కారం.

ఈ మసాలాకి ఒక ఖరీదుంది, దాని మాట అభిమానులం పెద్దగా ఎత్తం. ఎక్కినవాడు దిగాలి కదా. పోజ్జో మీంచి దిగే దారి సన్నం, మలుపు వెంట మలుపు. 1992లో మొరేనో అర్జెంతీన్ గుట్ట మీద అందర్నీ వదిలేసి గెలిచినట్టే కనిపించాడు. ముప్పై అయిదేళ్ళ షాన్ కెల్లీ దిగుడులో ప్రాణాలకి తెగించి అతన్ని పట్టుకుని, గీత దగ్గర ఓడించాడు. ఆ వీడియో నేను పదిసార్లు చూశాను, అబద్ధమెందుకు. పదిసార్లూ మజా వచ్చింది. కెల్లీ ఇంట్లోవాళ్ళు ఆ రోజు ఎలా చూశారో అన్న ఖయాల్ పదకొండోసారి గానీ రాలేదు.

ఇప్పుడు బహస్ తిరగబడింది. 2024 సెప్టెంబరులో జ్యూరిక్‌లో జరిగిన ప్రపంచ పోటీలో ఇదే పొగాచర్ ఇంకా వంద కిలోమీటర్లు ఉండగానే దూకాడు. చివరి యాభై ఒంటరిగా తొక్కి గెలిచాడు. అదే ఏడాది స్త్రాదే బియాంకేలో 81 కిలోమీటర్లు ఒక్కడే. సగం మంది అభిమానులు కొప్పి మళ్ళీ పుట్టాడన్నారు. మిగతా సగం, ఫలితం తెలిశాక ఏం చూస్తాం, టీవీ కట్టేశాం అన్నారు. గుంపు కలిసి వస్తే నిద్రొస్తోందన్నవాళ్ళే, ఒక్కడు విడిపోతే కూడా నిద్రొస్తోందంటున్నారు. విచిత్రంగా, అలాంటి పొగాచర్‌ని 2024లోనూ 2025లోనూ శాన్‌రెమో మూడో స్థానంలోనే ఆపింది. ఆ గుట్టలు అతనికి చిన్నవి. నీరసం నీరసం అని అందరూ తిట్టే ఆ చదును దారే అందరికీ ఆశ మిగిల్చింది.

నా ఫైసలా అడిగితే, నేను ఇక్కడ మా అబ్బా వైపు.

అబ్బాది సైకిల్ దుకాణం. గంటకింత అని అద్దెకిచ్చేవాడు, పంక్చర్లు వేసేవాడు. నాకు పదేళ్ళప్పుడు ఊళ్ళోకి నాన్‌స్టాప్ సైకిలిస్టు ఒకాయన వచ్చాడు. మీలో నలభై దాటినవాళ్ళు ఇలాంటివాళ్ళని చూసే ఉంటారు. మైదానంలో గుండ్రంగా, కాలు కింద పెట్టకుండా మూడు రోజులు తొక్కాలి. తిండి సైకిల్ మీదే, స్నానం సైకిల్ మీదే. మైకులో పాటలు. చొక్కాకి జనం రూపాయి నోట్లు గుచ్చేవాళ్ళు. సాయంత్రాలు తిరునాళ్ళలా ఉండేది.

రెండో రోజు అర్ధరాత్రి అబ్బా నన్ను లేపాడు. భాయీజాన్‌నీ లేపాడు గానీ, వాడు "అక్కడేముంది, తిరుగుతూనే ఉంటాడుగా" అని దుప్పటి కప్పుకున్నాడు. మేం వెళ్ళేసరికి మైదానం ఖాళీ. మైకు కట్టేశారు. ఒక్క బల్బు కింద ఆయన తొక్కుతూనే ఉన్నాడు, కళ్ళు సగం మూతలు పడి, చాలా నెమ్మదిగా. చైను కిర్రుకిర్రుమంటోంది. చూసేవాడు లేడు, దిగినా తెలిసేవాడు లేడు.

అబ్బా లుంగీ ఎగగట్టి, నూనె డబ్బా పట్టుకుని, ఆయన పక్కనే రెండు చుట్లు పరుగెత్తుతూ చైనుకి చుక్కలు వేశాడు. ఆయన తల తిప్పలేదు, చెయ్యి మాత్రం కొంచెం పైకెత్తాడు. కిర్రు ఆగిపోయింది. తర్వాత మేమిద్దరం కూర్చుని ఫజర్ అజాన్ దాకా చూశాం.

దిగే రోజు దండలు, టపాకాయలు. అబ్బా దుకాణం మూసి రాలేదు. భాయీజాన్ మాత్రం అందరికంటే ముందు వరసలో ఉన్నాడు. ఆ మూడు రోజుల్లో అది తప్ప ఇంకేమీ జరగలేదని ఇప్పటికీ అంటాడు.