మేళం నుండి కళాపీఠానికి: కూచిపూడిలో సంస్థాగత నాట్యశిక్షణ

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడిని నాట్యక్షేత్రమనటం పరిపాటి. అయితే చరిత్రలో అది ప్రధానంగా భాగవతులు బయలుదేరిన ఊరు. మాచుపల్లి కైఫియత్తు ఇందుకు తొలి సాక్ష్యం. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు సాగించిన దౌష్ట్యాన్ని విజయనగర ప్రభువు ఎదుట వేషం కట్టి ప్రదర్శించిన భాగవతుల ఉదంతం అందులో ఉంది. వారిని పరిశోధకులు కూచిపూడి వారిగా గుర్తించారు. అంటే ఆ ఊరి కళను గురించిన తొలి ఆధారం ఊరికి ఎంతో దూరాన దొరుకుతున్నది. తానీషా అగ్రహారమిచ్చాడన్న ఐతిహ్యం కుటుంబాలకు నివాసం ఎలా ఏర్పడిందో చెబుతుంది. కళకు పోషణ మాత్రం మేళం తిరిగిన ఊళ్ళనుండే లభించింది.

మేళం ఒక సంచార సంస్థ. సూత్రధారి, విదూషకుడు, స్త్రీవేషధారి, గాయకుడు, మార్దంగికుడు ఒకరి లయకు ఒకరు అలవాటుపడినవారు. కాగడాల వెలుగులో, గుగ్గిలం మంటల నడుమ తెల్లవార్లూ ఆట సాగేది. భామాకలాపంలో సత్యభామ తెరమీదుగా జడ వేయటం పండితులకు విసిరిన సవాలు. ఆ సవాలుకు అర్థముండాలంటే ఎదుట దానిని అందుకోగల శ్రోత ఉండాలి. ఈ శిక్షణ ఇంటి మగపిల్లలకే పరిమితం. దాని ఘనతను కీర్తించేవారు ఈ సంగతిని తేలికగా దాటిపోతుంటారు.

20వ శతాబ్దిలో ఈ అల్లిక సడలింది. సినిమా మద్రాసుకు పిలిచింది. వేదాంతం రాఘవయ్య ‘దేవదాసు’ (1953) దర్శకుడయ్యాడు. పసుమర్తి కృష్ణమూర్తి ‘మల్లీశ్వరి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రాలకు నృత్యాలు కూర్చాడు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని నెలకొల్పాడు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర నృత్యానికి ఇచ్చిన ప్రాధాన్యం నగరవేదికలకు చక్కగా సరిపోయింది.

ఈ నేపథ్యంలో 1950ల చివర, బందా కనకలింగేశ్వరరావు కృషితో కూచిపూడిలోనే సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలసింది. చింతా కృష్ణమూర్తి, వేదాంతం పార్వతీశం, పసుమర్తి వేణుగోపాలకృష్ణశర్మ వంటి సంప్రదాయ గురువులు అక్కడ బోధించారు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తరువాత దానిని చేర్చుకొని సిద్ధేంద్రయోగి కళాపీఠంగా నడిపింది. ఇంటిపేరుతో నిమిత్తం లేకుండా ఆడపిల్లలకు, ఇతర కులాల వారికి, బయటి ప్రాంతాల వారికి గురువుల ఊరిలోనే చదువు అందింది. ఈ మార్పు చిన్నది కాదు. సంస్థను విమర్శించే ముందు దీనిని లెక్కలోకి తీసుకోవాలి.

చిక్కు మరొకచోట ఉంది. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు వ్యక్తిని కొలుస్తాయి. మేళాన్ని కొలిచే పరీక్ష లేదు. ఉత్తీర్ణురాలైన విద్యార్థిని ఒంటరిగా తరంగం చేయగలదు. ‘ఉషాపరిణయం’ ఆడాలంటే మాత్రం ఆమెకు తోటి పాత్రలు, వాచికం తెలిసిన సూత్రధారి, రాత్రంతా కూర్చొనే ఊరు కావాలి. స్త్రీపాత్రాభినయంలో అసామాన్యుడైన వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) పేరు దేశమంతా తెలుసు. ఆయన వెనుక నిలిచిన మేళగాళ్ళలో ఎందరి పేర్లు మన వ్యాసాల్లో కనిపిస్తాయి?

రాష్ట్ర విభజన దీనికి పరిపాలనా సమస్యను జోడించింది. 2014 పునర్విభజన చట్టం విశ్వవిద్యాలయాన్ని పదవ షెడ్యూలులో చేర్చింది. పీఠం ఆంధ్రప్రదేశ్‌లో, కేంద్రకార్యాలయం హైదరాబాదులో ఉండిపోయాయి. 2025లో తెలంగాణ ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. విభజనానంతరం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపాదనకు వచ్చిన ‘కూచిపూడి నాట్యారామం’, ప్రవాసాంధ్ర సంస్థ సిలికానాంధ్ర నిర్వహించిన అంతర్జాతీయ నాట్యసమ్మేళనాలు ఊరి పేరును దూరదేశాలకు చేర్చాయి. వేలమంది ఒకేసారి నర్తించే సమ్మేళనంలో సంఖ్యే ప్రధానం. భాగవతుల రామయ్య రచనగా ప్రసిద్ధమైన గొల్లకలాపానికి అంతమంది అవసరం లేదు. వేదాంతచర్చను వాచికంలో నిలబెట్టగల గొల్లభామ, ఆమెతో వాదించే బ్రాహ్మణుడు, ఇద్దరి మాటా వినడానికి దివిసీమలోనో గుడివాడ పరిసరాల్లోనో ఒక ఊరు ఉంటే చాలు. నాట్యారామం నిధుల్లో అటువంటి పర్యటనలకు ఎంత వాటా అన్నది భవనాల నమూనాలకన్నా ముందుగా తేలవలసిన విషయం.