స్విచ్చికి చిరునామా ఎందుకు? – ఒక చిన్న చరిత్ర

మా శేరిగూడ ఇబ్రహీంపట్నానికి ఆనుకొని, హైదరాబాదు నుండి నాగార్జునసాగరుకు పోయే దారిలో ఉన్నది. ఇబ్రహీంపట్నం పేరు వినగానే పెద్దచెరువు జ్ఞప్తికి వస్తుంది. మన కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ఇబ్రహీం కులీ కుతుబ్‌షా (1550–1580) పేరే ఈ ఊరికి నిలిచినది. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది ఆ ప్రభువునకే. నేడు ఈ దారిలో ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. వాటి ప్రయోగశాలల్లో గోడవార మిణుకుమిణుకుమనే పెట్టెలను స్విచ్చి అంటారు. ఆ పెట్టెకు ఐపీ చిరునామా ఎందుకు ఇస్తారన్నదే ఈ టపా విషయం. ప్రశ్న చిన్నదే గాని, దాని వెనుక నలభై ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

1973లో అమెరికాలోని జిరాక్సు పరిశోధనాకేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్నెట్టును ప్రతిపాదించెను. తరువాత వచ్చిన హబ్బు అనే పరికరం టముకు వేసేవాని వంటిది. ఒకరికి చెప్పవలసిన మాటను ఊరందరికీ చాటుతుంది. ఇద్దరు ఒకేసారి పలికితే రెండు మాటలూ చెడిపోతాయి. ఈ బాధను తీర్చిన సంస్థ పేరు వింటే తెలుగువారికి ముచ్చట వేస్తుంది. ఆ పేరు 'కల్పన'. భారతీయ సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్‌తో కలిసి స్థాపించిన సంస్థకు తన భార్య పేరు పెట్టుకొనెను. 1990 ప్రాంతంలో ఆ సంస్థ ఏడు ద్వారాల ఈథర్నెట్టు స్విచ్చిని విపణికి తెచ్చినది. వచ్చిన మాట ఎవరికో చూచి, ఆ ఇంటికే చేరవేయుట దాని పని. 1994లో సిస్కో సంస్థ కల్పనను కొనివేసినది. మన ఆలంకారికులు కథావస్తువును ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని విభజించిరి గదా! ఉత్పాద్యమనగా కవి కల్పితం. యంత్రలోకంలోనూ కల్పన ఉత్పాద్యమే అయినది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. స్విచ్చి తన పని చేయుటకు ఐపీ చిరునామా అవసరమే లేదు. కర్మాగారంలోనే ప్రతి పరికరానికీ ఇచ్చే 48 బిట్ల మ్యాక్ చిరునామాలను చూచి అది మాటలను పంచుతుంది. మరి తనకొక చిరునామా దేనికి? చెరువు తూము గుండా నీరు పారుటకు నీరటికాని ఇల్లెక్కడో తెలియనక్కరలేదు. తూము ఎత్తవలెనన్నా, దించవలెనన్నా ఆతడెక్కడ ఉన్నాడో తెలిసి తీరవలెను. ఇదీ అంతే. స్విచ్చి ఐపీ చిరునామా దాని గుండా పోయే వారి కోసం కాదు, దానిని నడిపించే వారి కోసం. దూరం నుండి యంత్రాల యోగక్షేమాలు విచారించే ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతి 1988లో వెలువడినది. అది ఐపీ మీద నడిచేదే గనుక, అట్లు విచారింపబడవలసిన స్విచ్చికి చిరునామా తప్పనిసరి అయినది. కొత్త స్విచ్చికి ప్రత్యేకమైన తీగను తగిలించి కంప్యూటరు నుండి మూడు సంగతులు చెప్పెదరు: దాని చిరునామా, ఆ చిరునామాలో ఎంత భాగం పేటదో తెలిపే సబ్‌నెట్ మాస్కు, పేట దాటి పోవుటకు గేట్‌వే.

ఈ చిరునామాల కథ 1981లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 791 అనే పత్రంతో కుదురుకొన్నది. 1983 జనవరి 1న ఆర్పానెట్టు ఈ పద్ధతికి మారినది. 32 బిట్లతో ఏర్పడగల చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అప్పుడవి అక్షయపాత్ర అనిపించినవి. అమెరికాలోని ఎంఐటీ అనే ఒక్క విద్యాసంస్థకే 18తో మొదలయ్యే చిరునామాలన్నీ, అనగా 1 కోటి 67 లక్షలకు పైగా దక్కినవి. మన దేశంలో 1986లో ఆరంభమైన విద్యా పరిశోధనా జాలం ఎర్నెట్టుకు 144.16తో మొదలయ్యే దిమ్మ లభించినది. దానిలో ఉన్నవి 65,536. ముందు వచ్చినవారికి మాగాణి, వెనుక వచ్చినవారికి చెలక!

పంపకం తప్పలేదు. సర్వే నంబరును బై నంబర్లుగా విడగొట్టినట్లు, 1985లో సబ్‌నెట్ పద్ధతి వచ్చినది. 1993లో పాత ఏ, బీ, సీ తరగతుల విభజనను విడిచి, గీత పక్కన అంకె వేసి కొలత చెప్పే పద్ధతి వచ్చినది. 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1918 పత్రం 10, 172.16, 192.168 తో మొదలయ్యే మూడు దిమ్మలను ఎవరి ప్రాంగణంలో వారు వాడుకొనవచ్చునని ఖాయం చేసినది. ఇంటింటా కనిపించే 192.168.1.1 ఆ కుదురుదే. అయినను 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ భాండాగారం ఖాళీ అయినది. 128 బిట్ల ఐపీవీ6 అప్పటికే సిద్ధంగా ఉన్నను, మన దేశంలో అది జనసామాన్యానికి చేరినది 2016లో జియో వచ్చిన తరువాతనే.

ఇదంతా పండితుల వినోదం కాదు. నేనెరిగిన ఒక పాఠశాలలో స్విచ్చి అమర్చినవారు దాని చిరునామాను గాని, సంకేతపదమును గాని ఎక్కడా వ్రాసిపెట్టక వెళ్ళిపోయిరి. ఒక చిన్న మార్పు చేయవలసి వచ్చిననాడు ఎవరికీ దారి దొరకలేదు. పిల్లలు వచ్చి తాళం వేసిన గదిని చూచి పోయేవారు. చివరకు పాత అమరిక అంతా చెరిపి, మొదటి నుండి మరల చేసిరి. పట్వారీ పోయినా పహాణీ మిగలవలెను గదా! ఒక నోటుపుస్తకంలో నాలుగు పంక్తులుంటే ఆ గది మూతపడేది కాదు.

ఆ నాలుగు పంక్తులు తెలుగులో వ్రాయగలిగితే మరింత మేలు. నాకు తోచిన మాటలు ఇవి: నిర్వహణ చిరునామాకు 'నీరటి చిరునామా', సబ్‌నెట్‌కు 'ఉపజాలం', మాస్కుకు 'హద్దుగీత', గేట్‌వేకు 'పొలిమేర వాకిలి'. ఇంతకన్న నుడికారమైన మాటలు తోచిన మిత్రులు వ్యాఖ్యలలో తెలుపగలరు.