అడిగితేనే పెట్టే యూఎస్‌బీ, ఎవరికోసమూ ఆగని రేడియో

2025 జూలైలో ఓ ఆదివారం పొద్దున్నే డాబా ఎక్కి, రెండు అల్యూమినియం కడ్డీలతో చేసుకున్న యాంటెన్నా నిలబెట్టుకుని కూర్చున్నాను. పైన వెళ్ళబోయేది నోవా-15 అనే అమెరికా వాతావరణ ఉపగ్రహం. తను తీస్తున్న ఫోటోని 137.62 మెగాహెర్ట్జ్ మీద సెకనుకి రెండు గీతల చొప్పున కిందకి పంపుతూ పోయేది. మన నెత్తి మీద కనబడేది మహా అయితే పదిహేను నిమిషాలు. చినుకులు పడితే తడుస్తుందని లాప్‌టాప్‌ని కింద గదిలో పెట్టి, రెండు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగలు కలిపి డాబా మీదకి లాగాను. (మీలో కొందరికి ఇక్కడే నవ్వొచ్చి ఉంటుంది.)

తర్వాత దిగి చూస్తే బొమ్మ హిమాలయాల దగ్గర చక్కగా మొదలైంది. గంగా మైదానం మీద మబ్బులు. ఆ తర్వాత గీతలు పక్కకి జరుగుతూ జరుగుతూ, సరిగ్గా మన వైపు వచ్చేసరికి డాంగిల్ డిస్కనెక్ట్!

ముందు యాంటెన్నాని తిట్టాను. తర్వాత సాఫ్టువేరుని. ఆ తర్వాత కారణం వెతుక్కుంటూ పోతే 1998లో తేలాను.

నోవా-15 నింగికెగిరింది 1998 మే 13న. దానికి 23 రోజుల ముందు, ఏప్రిల్ 20న, చికాగోలో కామ్‌డెక్స్ ప్రదర్శన జరిగింది. వేదిక మీద బిల్ గేట్స్. పక్కన క్రిస్ కపొసెలా అనే ఉద్యోగి, ఇంకా విడుదల కాని విండోస్ 98 ఎంత తెలివైనదో చూపించడానికి ఒక స్కానర్ని యూఎస్‌బీకి తగిలించాడు. వెంటనే నీలితెర. హాలంతా గొల్లుమంది. నాకప్పటికి పళ్ళు కూడా రాలేదు గానీ, ఆ వీడియో మాత్రం మన ఫీల్డులో చూడనివాళ్ళు ఉండరనుకుంటా.

నవ్వుకోవడం తేలికే. కానీ అంతకుముందు సంగతి చూడండి. మౌస్‌కి ఒక రంధ్రం, ప్రింటరుకి ఒకటి, మోడెముకి ఇంకొకటి, ప్రతిదానికీ ఐఆర్‌క్యూ నంబర్ల గొడవ. దీన్ని వదిలించడానికే ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్ లాంటి ఏడు కంపెనీలు కలిసి 1996 జనవరిలో యూఎస్‌బీ 1.0 తెచ్చాయి. ఇంటెల్‌లో ఆ పని ముందుండి నడిపించింది అజయ్ భట్, మన వడోదరలో చదువుకున్నాయన.

వాళ్ళు తీసుకున్న అసలు నిర్ణయం ఒకటుంది. బయటి పరికరం చవగ్గా ఉండాలంటే దానికి తెలివి తక్కువుండాలి, పెత్తనమంతా కంప్యూటరుదే. అందుకే యూఎస్‌బీలో పరికరం తనంతట తాను నోరు విప్పదు. కంప్యూటరు వంతుల వారీగా "నీ దగ్గర ఏమైనా ఉందా?" అని అడుగుతూ పోవాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారే, అచ్చం అదే! కీబోర్డుకీ ప్రింటరుకీ దీనితో ఏ బాధా లేదు. కాస్త ఆలస్యంగా అడిగితే కొంపలేం మునగవు.

రేడియో అలా కాదు. అది మునిసిపాలిటీ కుళాయి లాంటిది, కట్టేయడానికి తిప్పే మర ఉండదు. బిందె నిండేలోపు ఇంకో బిందె పెట్టాలి, నిండింది లోపల పోసి రావాలి. ఒక్క క్షణం ఫోను మాట్లాడుతూ నిలబడ్డారో, నీళ్ళు నేలపాలు. శాంపిళ్ళూ అంతే, పోయినవి మళ్ళీ రావు.

సాఫ్టువేరు రేడియో అన్న ఆలోచనని 1990ల మొదట్లో పైకి తెచ్చింది జోసెఫ్ మిటోలా. రేడియో లోపల చేసే పనంతా ప్రోగ్రాముగా రాసేయొచ్చన్నాడు. అది మామూలు పీసీల మీదకి వచ్చింది 2001లో ఎరిక్ బ్లాసమ్ మొదలెట్టిన గ్నూ రేడియోతో. దానికి తోడుగా మాట్ ఎట్టస్ యూఎస్‌ఆర్‌పీ అనే పెట్టె తయారుచేశాడు. అందులో సెకనుకి 6.4 కోట్ల శాంపిళ్ళు తీసే చిప్పులుండేవి. కానీ పీసీకి చేరేది 80 లక్షలే. ఎందుకు? మధ్యలో యూఎస్‌బీ 2.0 ఉంది కాబట్టి.

కాగితం మీద యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. లాంఛనాలన్నీ పోగా బల్క్ పద్ధతిలో మిగిలేది లెక్క ప్రకారం 53. యూఎస్‌ఆర్‌పీ చేతికి దక్కింది 32. టైమ్ ప్రకారం చోటు కేటాయించే ఐసోక్రోనస్ పద్ధతి వేరే ఉందిగా అంటారేమో. దాని గరిష్ఠం 24.5 మెగాబైట్లు, పైగా పాడైన ముక్క మళ్ళీ పంపడం ఉండదు. బల్క్‌లో పాడైతే మళ్ళీ పంపుతారు గానీ, ఎప్పటికి చేరుతుందో హామీ లేదు. ఒకడు టైముకి వస్తాడు, సామాను పారేసుకుంటాడు. ఇంకొకడు సామాను భద్రంగా తెస్తాడు, ఎప్పుడొస్తాడో చెప్పడు. రేడియోకి ఇద్దరూ కలిసినవాడు కావాలి, వాడు ఆ స్పెసిఫికేషన్లో లేడు. ఎట్టస్ బల్క్‌నే ఎంచుకున్నాడు. పీసీ కాస్త వెనకబడితే తెర మీద 'యూఓ యూఓ' అని అక్షరాలు పడేవి. యూ అంటే యూఎస్‌ఆర్‌పీ, ఓ అంటే ఓవర్‌రన్, అంటే నీళ్ళు నేలపాలైనట్టు. తర్వాత వచ్చిన యూఎస్‌ఆర్‌పీ2లో ఆయన యూఎస్‌బీకి దణ్ణం పెట్టి గిగాబిట్ ఈథర్నెట్‌కి మారిపోయాడు.

2010లో ఇంగ్లాండు నుంచి వచ్చిన ఫన్‌క్యూబ్ డాంగిల్ ఇంకో దారి పట్టింది. తానొక సౌండుకార్డునని కంప్యూటరుకి చెప్పుకుంటుంది. డ్రైవరు గొడవే లేదు, కాకపోతే కనబడేది 96 కిలోహెర్ట్జ్ వెడల్పు మాత్రమే. నిజాయితీ గల బేరం అనిపిస్తుంది నాకు.

ఇక అసలు పూనకం 2012లో. యూరప్‌లో టీవీ చూడటానికి అమ్మే ఇరవై డాలర్ల డాంగిళ్ళలో ఆర్‌టీఎల్2832యూ అనే రియల్‌టెక్ చిప్పుండేది. అది ఎఫ్ఎం రేడియో పెట్టినప్పుడు ముడి శాంపిళ్ళని పీసీకి పంపేస్తోందని ఆ ఫిబ్రవరిలో ఫిన్లాండు డెవలపరు ఆంట్టి పాలోసారి గమనించాడు. ఆస్మోకామ్ వాళ్ళు దానికి లైబ్రరీ రాసేశారు. వందల డాలర్ల సరదా ఒక్కసారిగా విద్యార్థుల చేతికొచ్చింది.

దాంతోపాటు కొత్త తలనొప్పీ వచ్చింది. లినక్సులో డాంగిల్ తగిలించగానే కెర్నెల్‌లోని టీవీ డ్రైవరు పరిగెత్తుకొచ్చి "ఇది నాది" అని పట్టేసుకుంటుంది. మన ప్రోగ్రాముకి దక్కేది మైనస్ 6 అనే ఎర్రర్ నంబరు, అంటే పరికరం బిజీ. తమాషా ఏంటంటే ఆ టీవీ డ్రైవరు రాసింది కూడా సదరు పాలోసారే! తప్పు ఆయనది కాదు, టీవీ డాంగిల్‌ని టీవీ అనుకోవడం కెర్నెల్ ధర్మం. ఆ డ్రైవర్ని బ్లాక్‌లిస్టులో పెట్టడమే మందు. విండోస్‌లో ఇదే జబ్బుకి జాడిగ్ అనే పనిముట్టుతో విన్‌యూఎస్‌బీ డ్రైవరు ఎక్కించాలి. తొందరలో లిస్టులో తప్పు పరికరం ఎంచుకుని మౌస్ పోగొట్టుకునే ప్రమాదమూ ఉంది, జాగ్రత్త :-)

ఇంకొకటి. నాలుగు డాంగిళ్ళు పనిచేసి ఐదోది మొరాయిస్తే పోర్టు పాడైందనుకుంటాం. లైబ్రరీ ఒక్కో డాంగిలుకి 256 కిలోబైట్ల బిందెలు పదిహేను పెడుతుంది, అంటే 3.75 మెగాబైట్లు. లినక్సు యూఎస్‌బీ కోసం మామూలుగా వదిలే జాగా 16. నాలుగింటికి 15 అయిపోయింది, ఐదోదానికి ఎక్కడ? ఒక్క సెట్టింగు పెంచితే సరి. హార్డువేరు షాపుకి పరిగెత్తే ముందు ఈ గుణకారం చేస్తే డబ్బు మిగులుతుంది.

చివరికి నా రోగం బయటపడింది ఆర్‌టీఎల్ టెస్టు అనే చిన్న ప్రోగ్రాముతో. అది చిప్పుని రేడియో మానేసి 0 నుంచి 255 దాకా అంకెలు లెక్కపెట్టమంటుంది. మధ్యలో అంకె ఎగిరితే "కనీసం ఇన్ని బైట్లు పోయాయి" అంటుంది. కనీసం అని ఎందుకంటే, 255 తర్వాత మళ్ళీ సున్నా కాబట్టి పూర్తి చుట్లు ఎన్ని పోయాయో దానికీ తెలీదు. పొట్టి తీగతో పది నిమిషాలు పెట్టాను, ఒక్కటీ పోలేదు. నా రెండు తీగల అతుకుతో పెడితే నిమిషంలో మొదలైంది.

యూఎస్‌బీ 2.0 తీగ 5 మీటర్లు దాటకూడదంటారు. ఇన్నాళ్ళూ అది సిగ్నల్ బలం కోసమేమో అనుకునేవాణ్ణి. ప్రధానంగా అడగడం, చెప్పడంతోనే వచ్చిన హద్దట అది. అడిగాక జవాబు ఫలానా సమయంలోపు రావాలి, లేకపోతే కంప్యూటరు అది లేదనుకుంటుంది. దానికి తోడు సన్నటి తీగలో 5 వోల్టులు చివరిదాకా 5గా మిగలవు. డాంగిల్ తాగేది మూడొందల మిల్లీయాంపులకి అటూఇటూ. నాది దాదాపు పది మీటర్లు. ఎలా పనిచేస్తుంది నా మొహం!

సరే, డాంగిల్‌ని పొట్టి తీగతో లాప్‌టాప్ పక్కనే పెట్టి, డాబా మీద నుంచి యాంటెన్నా కోయాక్సియల్ కేబుల్‌ని కిందకి దించాను. ఇదంతా తేలి, కేబుల్ కొని, మేకులు కొట్టేసరికి ఆగస్టు మూడో వారం దాటింది. నోవా-18ని జూన్‌లోనే ఆపేశారు. నోవా-19 ఆగస్టు 13న, నోవా-15 ఆగస్టు 19న మూగబోయాయి. నా దగ్గర ఉన్నది ఆ సగం బొమ్మే. హిమాలయాలు, గంగ, తర్వాత పక్కకి వాలిపోయిన గీతలు, కింద నలుపు.