పేరు మరచినా పాట మరువరు



1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఆలోయిస్ ఆల్జైమర్ అనే వైద్యుడు 51 ఏళ్ల ఆగస్టె డేటర్‌ను తన పేరు వ్రాయమన్నాడు. ఆమె దానిని పూర్తి చేయలేకపోయింది. 1906లో ఆమె గతించిన పిమ్మట మెదడును పరీక్షించి ఆయన వివరించిన వ్యాధికి 1910లో ఎమిల్ క్రెపెలిన్ ఆయన పేరే పెట్టాడు.

ఆ వ్యాధి హరించేది తెలిసినదే. మరి మిగిల్చేదేమిటి? చిరపరిచితమైన పాటల జ్ఞాపకానికి ఆధారమైన మెదడు భాగాలు తక్కినవాటికన్న తక్కువగా క్షీణిస్తాయని 2015లో లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు చూపారు. అమెరికా గాయకుడు టోనీ బెన్నెట్‌కు 2016లో ఈ వ్యాధి నిర్ధారణ అయింది. అయినా 2021 ఆగస్టులో, 95 ఏళ్లు నిండిన రోజున, ఆయన న్యూయార్కు వేదికపై పాడాడు. 2023లో కన్నుమూశాడు.

సంగీతం ఈ వ్యాధిని మాన్పదు. అంతవరకు జరిగిన ప్రయోగాలను 2018లో సమీక్షించిన కోక్రేన్ సంస్థ పరిశోధకులు, దిగులు కొంత తగ్గవచ్చునే గాని ఆలోచనాశక్తి మెరుగుపడినట్లు తేలలేదన్నారు. అయితే మందు కాని పాట మాటకు మారుగా నిలువగలదు.

ఎనభై దాటిన మా అక్కయ్య, నాకు అక్షరాలు దిద్దించిన మనిషి, కిందటేడు నన్ను చూచి “ఎవరు నాయనా నువ్వు?” అన్నది. ఏమి చెప్పాలో తోచక, చిన్ననాట మా యింట పాడిన మంగళహారతి ఎత్తుకొన్నాను. రెండవ చరణం గుర్తుకు రాలేదు. ఆమె అందించింది, తాళం తప్పినందుకు నా చేతిపై ఒక దెబ్బ కూడ వేసింది.

నా పేరు ఆమెకు నేటికీ తెలియదు. ఆ పాట సాగినంతసేపు మాత్రం నేను తమ్ముడినే.