దవడలో గుంజ పాతేది ఎక్కడ?

పళ్ళకి క్లిప్పులు పెట్టించుకున్నవాళ్ళలో కొందరికి డాక్టరు ఒక మాట చెప్తారు: "చిగుళ్ళలో చిన్న స్క్రూ వెయ్యాలి" అని. వినగానే గుండె ఝల్లుమంటుంది. పంటి వేరుకి తగిలితే? ఈ ప్రశ్న డాక్టర్లనీ చాలాకాలం వేధించింది. ఈ రోజు ఆ కథే చెప్తాను.

అసలు స్క్రూ ఎందుకు? ఎత్తు పళ్ళని వెనక్కి లాగాలంటే దేన్నో ఒకదాన్ని ఆసరా చేసుకోవాలి. మామూలుగా వెనకున్న దవడపళ్ళే ఆ ఆసరా. కానీ న్యూటన్ మూడో సూత్రం నోట్లోనూ పనిచేస్తుంది కదా! ముందు పళ్ళు వెనక్కి వస్తుంటే దవడపళ్ళు ముందుకి జారతాయి. పన్ను పీకించుకుని సంపాదించిన ఖాళీ కొంత అలా వృథా. అందుకే తలకి పట్టీలు కట్టే హెడ్‌గేర్ వాడేవాళ్ళు. పిల్లలు అది తీసి పక్కన పడేస్తే ట్రీట్‌మెంట్ అక్కడే ఆగేది. ఆవుని కట్టేసిన గుంజే కదిలిపోతే ఏం లాభం? కదలని గుంజ కావాలి. అంటే ఎముక.

1945లో అమెరికాలో గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ అనే ఇద్దరు కుక్కల దవడ ఎముకలో వైటాలియం అనే మిశ్రమ లోహం స్క్రూలు బిగించి చూశారు. నెల తిరిగేసరికి అన్నీ ఊడిపోయాయి. తర్వాత స్వీడన్‌లో బ్రానెమార్క్, టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని గమనించి, 1965లో మనిషి దవడలో ఇంప్లాంట్ పెట్టాడు. 1983లో క్రీక్‌మోర్, ఎక్‌లండ్ ఒక పేషెంటుకి ముక్కు కింది ఎముకలో స్క్రూ వేసి, పై ముందు పళ్ళని 6 మిల్లీమీటర్లు పైకి జరిపారు. 1997లో జపాన్ డాక్టరు కనోమి 1.2 మిల్లీమీటర్ల సన్నటి స్క్రూ గురించి రాశాడు. రెండు వేర్ల మధ్య పట్టేంత చిన్నది అన్నమాట.

ఇక్కడ ప్రశ్న మారింది. "స్క్రూ నిలుస్తుందా?" పోయి, "ఎక్కడ వెయ్యాలి?" వచ్చింది.

లెక్క చూడండి. స్క్రూ 1.2, రెండు పక్కలా కనీసం 1 మిల్లీమీటరు చొప్పున ఎముక. మొత్తం 3.2 మిల్లీమీటర్లు. చాలా పళ్ళ మధ్య అంత చోటే ఉండదు! పైగా మామూలు ఎక్స్‌రే ఒక నీడ మాత్రమే, లోతు చూపించదు. 1998లో ఇటలీలో పళ్ళ కోసం త్రీడీ స్కాన్ వచ్చింది. 2006లో అదే దేశంలో పోజియో బృందం అలాంటి స్కాన్లతో 25 పై దవడలు, 25 కింది దవడలు కొలిచి, "సేఫ్ జోన్స్" పేరుతో ఒక మ్యాప్ ఇచ్చింది.

ఆ మ్యాప్ ఏం చెప్పింది? పై దవడలో అంగిలి వైపు, రెండో చిన్న దవడపన్నుకీ మొదటి పెద్ద దవడపన్నుకీ మధ్య చోటు ఎక్కువ. అన్నిటికంటే వెనక ఎముక తక్కువ. మరీ పైకి వెళ్తే సైనస్ తగులుతుంది. కింది దవడలో రెండు చిన్న దవడపళ్ళ మధ్య బాగుంటుంది. కోరపన్ను పక్కన ఇరుకు. వేర్లు చివరికి సన్నబడతాయి కాబట్టి, స్క్రూని కాస్త వాలుగా వేస్తే ఇంకొంచెం చోటు దొరుకుతుంది.

2007లో జపాన్‌లో కురోడా బృందం ఇంకో మాట తేల్చింది: వేరుకి దగ్గరగా పడిన స్క్రూలే ఎక్కువగా వదులవుతాయి. అంటే చోటు సరిగ్గా ఎంచుకోవడం వేరుని కాపాడటానికే కాదు, స్క్రూ నిలవడానికి కూడా. అన్నీ సరిగ్గా చేసినా కొన్ని ఊడతాయి. 2012లో చాలా అధ్యయనాలు కలిపి చూస్తే ఆ లెక్క వందకి 13, 14 దాకా తేలింది. కాబట్టి మీది వదులైతే కంగారుపడకండి. దాచకండి కూడా, వెంటనే వెళ్ళి చూపించండి.

ఇంకొకటి. ఆ మ్యాప్ సగటు లెక్క. మీ దవడ మీదే. అందుకే స్క్రూ వేసేముందు "నా వేర్ల మధ్య చోటు ఎంతుంది, డాక్టరు గారూ?" అని అడగండి. మళ్ళీ కలుద్దాం.