సొర, కర, కూ

జపాను భాషలో 'సొర' అంటే ఆకాశం. మన సొరకాయతో చుట్టరికమేమీ లేదు, ఎండితే అదీ బోలుదే అయినా. 'కర' అంటే ఖాళీ. పలుకులో వేరైన ఈ రెండు మాటలకూ రాతలో చైనా నుంచి తెచ్చుకున్న అక్షరం ఒక్కటే. దాన్నే 'కూ' అని చదివితే బౌద్ధుల శూన్యం.

మనకిది వింతేం కాదు. సంస్కృతంలో 'ఖ' ఆకాశమూ, సున్నా కూడా. శ్లోకాల్లో అంకెలు చెప్పేటప్పుడు గగనమన్నా, అంబరమన్నా సున్నే. ఆ 'కర' మన ఊళ్లకీ వచ్చింది. కరాటే ఖాళీ చెయ్యి, కరావోకే వాద్యగాళ్లు లేని ఆర్కెస్ట్రా.

సొరలోని బోలుతనానికి అరువు అక్షరం ఒక్కదాన్నే నిందించలేం. పాతకాలం నుంచీ సొరగొతొ అంటే అబద్ధం, సొరనె అంటే దొంగ నిద్ర. సొరమిమి అంటే ఎవరూ అనని మాట చెవిన పడ్డట్టుండడం. ఆకాశాన్ని వాళ్లెప్పుడూ పూర్తిగా నమ్మినట్టు లేదు.

యుద్ధం ఆ అపనమ్మకాన్ని నిజం చేసింది. విమానదాడిని 'కూషూ' అంటారు. అందులో మొదటి అక్షరం ఇదే. 1945 మార్చి 10న టోక్యోని కాల్చేసిన దాడిలో గాయని నమికి మిచికొ తల్లి పోయింది. ఆ అక్టోబరులోనే వచ్చిన 'సొయొకజె' సినిమాలో నమికి 'రింగొ నొ ఉత' అనే ఆపిల్ పాట పాడింది. రాసిన సతొ హచిరొ యుద్ధం ఊసెత్తలేదు. ఎర్రటి ఆపిల్ ఒకటి, పలకకుండా చూస్తుండే నీలాకాశం ఒకటి, అంతే. కొన్ని నెలల కిందట సైరన్ మోగించిన అక్షరాన్ని జనం మళ్లీ సొర అని చదువుకోగలిగారు. ఆ పాటలో ఇంతకు మించిన ఆశను నేను వెతకను.

1960లో అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని అడ్డుకోబోయిన ఉద్యమం ఓడిపోయింది. ఆ నిస్పృహలోంచే ఎయి రొకుసుకె 'ఉఎ ఒ ముయితె అరుకో', అంటే 'పైకి చూస్తూ నడుద్దాం', రాశాడంటారు. తల ఎత్తేది కన్నీళ్లు ఒలకకుండా, ధైర్యంతో కాదు. ఆశ అన్న మాటే పాటలో రాదు. సుఖాన్ని సొరకు పైన పెట్టిన కవి దుఃఖాన్నీ కింద వదల్లేదు, చుక్కల చాటున ఉంచాడు. చూపు ఎత్తినవాడికి రెండూ ఒకే దిక్కున ఉన్నాయి. ఒకచోట మాటలే ఉండవు, పాడిన సకమొతొ క్యూ ఈల వేస్తాడు. ఆ కర భాగానికి అనువాదం అక్కర్లేదు. 1963లో జపాను భాష రాని అమెరికన్లు ఈ పాటను తమ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కించారు, 'సుకియాకి' అనే మాంసం వంటకం పేరుతో.