ల్యూకోఅరయోసిస్

మెదడు లోపలి తెల్లపదార్థం సీటీ స్కాన్‌లో పలుచబడి నల్లబారినట్లు కనిపించే స్థితికి 1986లో కెనడా నాడీవైద్యుడు వ్లాదిమిర్ హచిన్‌స్కీ, ఆయన సహచరులు పెట్టిన పేరు ల్యూకోఅరయోసిస్. గ్రీకులో ‘ల్యూకోస్’ అంటే తెలుపు, ‘అరయోస్’ అంటే సాంద్రత తగ్గి పలుచనైనది. ఇటువంటి మార్పులు కనబడగానే, 1894లో ఓటో బిన్స్‌వాంగర్ వర్ణించిన డిమెన్షియాను, అంటే బుద్ధిశక్తి క్షీణించే వ్యాధిని, రోగికి ఆపాదించే ధోరణి అప్పటికి ఉండగా, కారణాన్ని ముందే నిర్ణయించక కంటికి కనిపించినదాన్ని మాత్రమే చెప్పే మాట కావాలని వారు తలచారు. ఆ నిగ్రహమే ఈ పదానికి విలువనిచ్చింది.

తెల్లపదార్థమంటే మైలిన్ అనే కొవ్వుపొర చుట్టుకున్న నాడీతంతువుల సముదాయం. దానికి రక్తమందించే సన్నని ధమనుల గోడలు వయసుతోను, ముఖ్యంగా అధిక రక్తపోటుతోను మందమై గట్టిపడినప్పుడు, ఆ తంతువులు దెబ్బతిని మెదడు భాగాల మధ్య సమాచార ప్రసారం మందగిస్తుంది కనుక, చాలామందిలో జ్ఞాపకశక్తి కంటే ముందుగా ఆలోచనా వేగం, పనిని వరుసగా యోచించి చేయగల సామర్థ్యం తగ్గుతాయి. దీన్ని ముసలితనపు నిదానమని కొట్టివేయడం రోగికి అన్యాయం చేయడమే.

ఎంఆర్‌ఐ స్కాన్‌లోని టీ2 అనే రకం చిత్రాల్లో అవే చోట్లు తెల్లగా మెరుస్తాయి కాబట్టి, 2013లో స్ట్రైవ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ‘రక్తనాళ సంబంధమని భావించే తెల్లపదార్థ అధికప్రకాశం’ అనే అర్థమిచ్చే పొడవైన పదబంధాన్ని సూచించింది. అయినా సీటీ నివేదికల్లో హచిన్‌స్కీ మాట ఇంకా కనిపిస్తుంది.